ఏ పడవకైనను అందు రేవు

ఖమ్మము నుండి భద్రాచలమునకు పోవు బాట కొత్తగూడెము, పాల్వంచలను దాటి, అడవుల నడుమ సాగి, సారపాక వద్ద గోదావరిని చేరును. ఆవలి ఒడ్డున భద్రాచలము. 1965లో ఇచ్చట వంతెన ఏర్పడుటకు పూర్వము నదిని దాటగోరువానికి పడవయే ఆధారము. పడవ దొరకినను అది ఆగుటకు రేవు ఉండవలెను. రేవు ఉన్నను అచ్చట ఆగు పడవ దొరకవలెను. వంతెన వచ్చిన పిదప ఎడ్లబండియు, బస్సును, నెత్తిన తట్టతో నడచిపోవు కోయపడుచును ఒకే దారిన నదిని దాటగలిగిరి. వంతెన ఎవ్వరినిగూడ “నీ బండిని మార్చుకొని రమ్ము” అని ఆజ్ఞాపింపలేదు.

నేటి విద్యార్థి నిత్యము మరియొక నదిని దాటుచున్నాడు. పరీక్షా ఫలితములు, ఉపకార వేతనపు దరఖాస్తు, దినపత్రిక, పాఠ్యపుస్తకము మున్నగునవి నేడు ఆవలి ఒడ్డున, వెబ్‌సైట్లలో ఉన్నవి. వానిని చేర్చు పడవ బ్రౌజరు. క్రోము, ఫైర్‌ఫాక్సు, సఫారి, ఎడ్జి, ఒపేరా అనునవి అట్టి పడవల పేర్లు. తెలుగులో కొందరు దీనికి ‘విహారిణి’ అని చక్కని పేరు పెట్టిరి. ఈ ప్రయాణమున చదువరికి తరచుగా ఒక మాట వినబడుచుండును: “మా పుటను చక్కగా చూడవలెనన్న మీ బ్రౌజరును మార్చుకొనుడు.” ముప్పది యేండ్లుగా ప్రపంచమంతట వినబడుచున్న మాట ఇది. ఇది ఎప్పుడు హితము, ఎప్పుడు బలవంతము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఎచ్చటికో పోనక్కరలేదు. తెలుగు లిపి అంతర్జాలమున పడిన పాట్లే ఇందుకు తగిన పాఠము.

అక్షరము వెనుకనున్న అంకె

కంప్యూటరు అక్షరములను ఎరుగదు. అంకెలను మాత్రమే ఎరుగును. ఏ అంకె ఏ అక్షరమునకు గుర్తో ముందుగా అందరును ఒప్పుకొనినగాని ఒకరు వ్రాసినది మరియొకరు చదువలేరు. ప్రపంచ భాషలన్నిటికిని అట్టి ఒప్పందము యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ పద్ధతిలో ‘భద్రాచలం’ అను మాట ఎనిమిది గుర్తుల వరుస: భ, ద, పొల్లు, ర, దీర్ఘపు గుర్తు, చ, ల, సున్న. దకారము క్రింద రకారమును వత్తుగా గీయుట, దీర్ఘమును పైన తగిలించుట అనునవి చూపించు యంత్రము చేయవలసిన పనులు.

ఒప్పందము 1991లోనే కుదిరినను, దానిని ఆచరింపగల యంత్రములు జనుల చేతికి వెంటనే రాలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నాటికిగాని మైక్రోసాఫ్టు వ్యవస్థలో తెలుగునకు చోటు దొరకలేదు. అప్పుడును, సంస్థాపన సమయమున క్లిష్ట లిపుల అమరికను ప్రత్యేకముగా చేర్చుకొనవలసి ఉండెడిది.

ఈ లోపల తెలుగు దినపత్రికలు 1990వ దశకము చివర అంతర్జాలమున అడుగుపెట్టినవి. అవి వేచియుండలేవు, అమెరికాలోను, గల్ఫు దేశములలోను ఉన్న పాఠకులు ఊరి వార్త కొరకు ఎదురు చూచుచుండిరి. కావున ఒక అడ్డదారి త్రొక్కబడినది. ఆంగ్లాక్షరముల కొరకు ఏర్పడిన అంకెల స్థానములలో తెలుగు అక్షరపు ముక్కలను, అనగా ఇచ్చట ఒక తలకట్టు, అచ్చట ఒక కొమ్ము, మరియొకచోట ఒక వత్తు, కూర్చి ప్రత్యేకపు ఫాంట్లను చేసికొనిరి. ఈనాడునకు ఒక ఫాంటు, వార్తకు మరియొకటి. ఒకరి ఫాంటులో తలకట్టుగానున్న అంకె మరియొకరి ఫాంటులో ఏత్వము కావచ్చును. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వార్త తెరచినచో కనబడునది తెలుగు కాదు, ఆంగ్లము కాదు. చుక్కలును టోపీలును పెట్టుకొనిన ఐరోపా అక్షరముల గందరగోళము.

“మా కొరకు మీరు మారుడు”

ఫాంటును పుటతోపాటు పంపించు ఒక సదుపాయమును మైక్రోసాఫ్టు వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 1997లో వచ్చిన తన నాల్గవ కూర్పునుండి కల్పించినది. దానికి పోటీయైన నెట్‌స్కేపు మరియొక విధానమును అనుసరించినది. ఒకరి పద్ధతి మరియొకరికి పనికిరాదు. 2000వ సంవత్సరము తరువాత నెట్‌స్కేపు క్షీణించి, ప్రపంచమున నూటికి తొంబదిమందికి పైగా ఎక్స్‌ప్లోరరునే వాడునప్పుడు, సైట్లవారికి పని తేలికయైనది: “ఎక్స్‌ప్లోరరుతో చూడుడు, లేదా ఫాంటును దించుకొనుడు” అని ఒక సూచన వ్రాసి ఊరకుండిరి.

ఇల్లు గలవానికి, స్వంత కంప్యూటరు గలవానికి ఆ సూచన చిన్న శ్రమ. పట్టణమున ఇంటర్నెట్ కేంద్రములో గంటకింత అని చెల్లించి కూర్చున్న విద్యార్థి మాటయేమి? పరుల యంత్రములో ఫాంటును అమర్చుటకు అతనికి అధికారము ఉండదు, అమర్చు విధానము తెలియదు, గడియారము ఆగదు. లైనక్సు వాడువానికి ఎక్స్‌ప్లోరరు లభింపనే లభింపదు. సూచన వ్రాసినవారు తమ లోపమును ఒక్క వాక్యముతో పాఠకుని నెత్తిన పెట్టిరి. ఆడలేక మద్దెల ఓడనుట ఇట్టిదే.

ఇంతకంటె పెద్ద నష్టము కంటికి కనబడనిది. ఆ ఫాంట్లలో నిలువచేసిన వార్తలలో ‘భద్రాచలం’ అని వెదకినచో దొరకదు. ఏలయన కంప్యూటరు దృష్టిలో అచ్చట ఆ మాటయే లేదు, కొన్ని ఆంగ్లాక్షరముల వరుస మాత్రమే ఉన్నది. గోదావరి వరదల గూర్చియో, పోడు వ్యవసాయమును గూర్చియో ఆ కాలపు పత్రికలలో వచ్చిన వార్తలను కూర్చదలచిన విద్యార్థికి ఆ పుటలు తాళము వేసిన బీరువాలు.

“మీ కొరకు మీరు మారుడు”

2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్సు మొదటి కూర్పు వెలువడినది. దాని అభిమానులు వేలాదిగా చందాలు వేసికొని అదే డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పుటల ప్రకటన వేయించిరి. తమ సైట్లలో చిన్న చిన్న బొమ్మలుంచి “ఈ బ్రౌజరునకు మారుడు” అని వచ్చినవారినందరిని ప్రోత్సహించిరి. ఈ పిలుపు తెలుగువారిలో ఒక విశేష రూపమును దాల్చినది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమగుటకు కారకులైన వెన్న నాగార్జున ‘పద్మ’ అను ఒక ఉపకరణమును నిర్మించిరి. ఫైర్‌ఫాక్సునకు దీనిని తగిలించినచో, ఈనాడు, వార్త మున్నగు పత్రికల ప్రత్యేకపు ఫాంట్లలోని వార్తను పుట తెరచుచుండగనే యూనికోడ్ తెలుగులోనికి మార్చి చూపెడిది. ఫాంటు దించుకొనుట అక్కరలేదు. వార్తను నకలు తీసికొనవచ్చును. అందు మాటను వెదకవచ్చును. అప్పుడు తెలుగు బ్లాగర్లు తమ చదువరులతో చెప్పిన మాట: “ఫైర్‌ఫాక్సునకు మారుడు, పద్మను చేర్చుకొనుడు.” పైకి ఇదియు బ్రౌజరు మార్చుకొమ్మను పిలుపే. కాని చెప్పువారికి ఒక్క పైసా లాభము లేదు. వినువానికి తాళము వేసిన బీరువా తెరచుకొనును.

వారు పిలుపుతో ఆగలేదు. చేయి పట్టుకొని నడిపించిరి. విండోస్‌లో తెలుగును ఎట్లు అమర్చుకొనవలెనో అంచెలంచెలుగా బొమ్మలతో వ్రాసిరి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తాము రూపొందించిన పోతన, వేమన అను యూనికోడ్ ఫాంట్లను ఉచితముగా పంచిపెట్టిరి. వీవెన్ నిర్మించిన ‘లేఖిని’ 2006లో వచ్చినది; ఏమియు దించుకొనకుండ, ఏ బ్రౌజరునందైనను, ఆంగ్లపు మీటలతో తెలుగు వ్రాయుటకు అది దోహదము చేసినది. ఈ మూడింటిలో లేఖిని మార్గము గమనింపదగినది. అది వచ్చినవానిని మారుమని అడుగలేదు. వానియొద్దనున్న పడవకే రేవును కట్టినది.

పద్మ వంటి ఉపకరణములు ఎంత మేలు చేసినను అవి తాత్కాలికములే. బ్రౌజరు లోపలి నిర్మాణము మారినప్పుడు అట్టివి నిలువవు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు పాత పద్ధతి పొడిగింపులనన్నిటిని ఒక్కసారిగా నిలిపివేసినది. పాఠకుని వైపున ఎన్ని అతుకులు వేసినను, సైటు తన అక్షరమును సరిదిద్దుకొనినప్పుడే చిక్కు విడును. క్రమముగా పత్రికలు యూనికోడ్‌కు మారినవి. మారిననాడు ఫలానా బ్రౌజరే కావలెనను సూచనయు తొలగిపోయినది. మార్పు జరుగవలసిన చోటు ఏదో దీనివలన స్పష్టమగుచున్నది.

చిన్న ఫోను, పెద్ద ధర

2010 ప్రాంతమున గ్రామములకు అంతర్జాలము కంప్యూటరు ద్వారా కాక మీటల ఫోను ద్వారా వచ్చినది. పెక్కు ఫోనులలో తెలుగు ఫాంటు లేదు; తెలుగు పుట తెరచినచో ఖాళీ డబ్బాలు కనబడెడివి. ఆ దినములలో ఒపేరా మినీ అను బ్రౌజరు ఆదుకొన్నది. అందు ఒక మూలనున్న అమరికను మార్చినచో, దూరముననున్న ఆ సంస్థ సర్వరు పుటను తెరచి, తెలుగు అక్షరములను బొమ్మలుగా గీసి ఫోనునకు పంపెడిది. ఈ కిటుకును తెలుగువారు ఒకరికొకరు చెప్పుకొని ఆ బ్రౌజరునకు మారిరి. అయితే దానికి ఒక ధర ఉన్నది. బొమ్మను నకలు తీసి మరియొకచోట అతికింపరాదు. చదువరి చూచు ప్రతి పుటయు పరుల సర్వరు గుండా పోవలెను. పడవవాడు మూటను విప్పి చూచి, మరల కట్టి ఇచ్చినట్లు.

తక్కువ వేగమున పనిచేయునను పేరుతో యూసీ బ్రౌజరు భారతదేశమున మిక్కిలి వ్యాపించినది. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో అదియు ఒకటి. దానిని నమ్ముకొనినవారందరును మరియొక బ్రౌజరునకు మారవలసి వచ్చినది. ఒక్క పడవ మీదనే ప్రయాణమంతయు ఆధారపడరాదని ఆ సంఘటన తెలిపినది.

దేశాంతరముల అనుభవము

ఎక్స్‌ప్లోరరు ఆరవ కూర్పు 2001లో వచ్చినది. ఏడవది 2006 వరకు రాలేదు. ఐదేండ్లు నిలిచిపోయిన ఆ కూర్పు పాతబడి, భద్రతా లోపములకు పుట్టిల్లయినది. 2009 ఫిబ్రవరిలో నార్వేలోని ఫిన్ అను ప్రకటనల సైటు, ఆ కూర్పుతో వచ్చినవారికి “ఇది పాతబడినది, మార్చుకొనుడు” అని హెచ్చరిక చూపినది. ఆ దేశపు ఇతర సైట్లు దానిని అనుసరించినవి. అదే యేడు జూలైలో యూట్యూబు అదే పని చేసినది. 2010 జనవరిలో ఒక పెద్ద సైబరు దాడి వెలుగుచూడగా, జర్మనీ, ఫ్రాన్సు ప్రభుత్వ భద్రతా విభాగములు లోపము సరిదిద్దబడువరకు ఎక్స్‌ప్లోరరును వాడవద్దని ప్రజలకు సలహా ఇచ్చినవి. తుదకు 2011 మార్చిలో మైక్రోసాఫ్టు సంస్థయే తన ఆరవ కూర్పును విడిచిపెట్టుడని ప్రచారము చేయవలసి వచ్చినది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరరు శాశ్వతముగా విశ్రమించినది. ఈ పిలుపులలో కారణము స్పష్టముగా చెప్పబడినది. ప్రమాదము చదువరిదే, మేలును చదువరిదే.

దీనికి విపర్యయము దక్షిణ కొరియా కథ. 1990వ దశకము చివర ఆ దేశము బ్యాంకు వ్యవహారముల భద్రతకు స్వంత సంకేత విధానమును ఏర్పరచుకొని, దానిని ఎక్స్‌ప్లోరరులో మాత్రమే పనిచేయు ఉపకరణముతో ముడిపెట్టినది. ఆనాటికది ముందుచూపే. కాని లోకమంతయు ఇతర బ్రౌజర్లకు సాగిపోయినను, కొరియా పౌరుడు బ్యాంకు పనికి ఆ పాత బ్రౌజరునే పట్టుకొని వ్రేలాడవలసి వచ్చినది. ఆ ధ్రువపత్ర విధానపు ప్రత్యేక హోదా 2020 డిసెంబరులోగాని రద్దు కాలేదు. రేవును ఒకే పడవ కొలతకు కట్టినవారు, పడవ శిథిలమైననాడు రేవునుగూడ పోగొట్టుకొందురు. వెబ్ సృష్టికర్తయైన టిమ్ బెర్నర్స్-లీ 1996లోనే ఫలానా బ్రౌజరుతో చూడుడను సూచనలను తప్పుపట్టెను. ఒక యంత్రములోని పత్రము మరియొక యంత్రములో తెరచుకొనని పాతకాలమునకు అది తిరోగమనమని వారి అభిప్రాయము.

పిలుపులలో మూడవ రకము ఒకటి కలదు: కారణము చెప్పక, ఎంపికయు ఈయక, ముందే చేతిలో పెట్టుట. 2009 డిసెంబరులో ఐరోపా సమాఖ్యకు ఇచ్చిన మాట ప్రకారము మైక్రోసాఫ్టు పలు బ్రౌజర్లను వరుసగా చూపి ఎన్నుకొమ్మను తెరను విండోస్‌లో ఉంచవలసి వచ్చినది. కొంతకాలము దానిని చూపకపోవుటచే 2013లో 56 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా పడినది. మన దేశమున 2022 అక్టోబరులో భారత పోటీ కమిషను ఆండ్రాయిడు ఫోనుల విషయమై గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించుచు, ఆండ్రాయిడు బలమును క్రోము బ్రౌజరు రక్షణకు వాడుకొనుటను తప్పుపట్టినది.

అడవి అంచున

ఈ విచారమంతయు భద్రాచల ప్రాంతపు ఆశ్రమ పాఠశాలకు ఏమి సంబంధము అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. సంబంధము మిక్కుటముగా కలదు. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచి, చుట్టునున్న చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. తూర్పున ఒడిశా, ఉత్తరమున ఛత్తీస్‌గఢ్ కూతవేటు దూరము. ఒకే బంధువర్గమునకు చెందిన పిల్లలు వేర్వేరు ప్రభుత్వముల వెబ్‌సైట్లను ఆశ్రయింపవలసి ఉన్నది. ఇంటికి ఒక్క ఫోను, అదియు పాతది. 2023 డిసెంబరు నుండి క్రోము కొత్త కూర్పులు ఆండ్రాయిడు 7తో నడుచు ఫోనులకు వచ్చుట లేదు. అట్టి ఫోను గలవానితో “బ్రౌజరును నవీకరించుకొనుడు” అనుట “కొత్త ఫోను కొనుడు” అనుటయే. దరఖాస్తునకు కడపటి దినమున ఆ మాట వినబడినచో, పోవునది ఒక పుటను చూచు అవకాశము కాదు. ఒక సంవత్సరపు ఉపకార వేతనము.

భాష విషయమును ఇట్టిదే. ఇచ్చటి కోయలు తమ భాషను వ్రాయునప్పుడు తెలుగు లిపిని వాడుదురు. తెలుగు లిపి ప్రతి బ్రౌజరునందును సరిగా కనబడినచో కోయభాషా పాఠమును కనబడును. కోయభాషకు జ్ఞాతియైన గోండీ లిపులు యూనికోడ్‌లో చేరుట ఇటీవలి మాట: మసరాం గోండీ 2017లో, గుంజాల గోండీ 2018లో. తెలుగు ఇరువది యేండ్ల క్రిందట పడిన పాట్లు ఆ లిపులకు ఇప్పుడిప్పుడే ఆరంభమైనవి. ఫాంటు లేని ఫోనులో అవి నేటికిని ఖాళీ డబ్బాలే.

కాబట్టి “బ్రౌజరు మార్చుకొనుడు” అను పిలుపు వినబడినప్పుడు విద్యార్థిచేత నాలుగు ప్రశ్నలు వేయించుట మంచిది. కారణము చెప్పిరా? ఆ మేలు ఎవరిది, అడిగినవానిదా, మారువానిదా? ఒక్క పేరే చెప్పిరా, రెండు మూడు మార్గములు చూపిరా? మారలేనివానికి కనీసము అక్షరములనైన చదువనిచ్చుచున్నారా? ఈ నాలుగింటికి సరియైన జవాబు వచ్చినచో మారుట వివేకము. పాత కూర్పును మొండిగా పట్టుకొనియుండుట గొప్పకాదు. దానివలన దొంగలకు తలుపు తెరచినట్లగును. అయితే ఒక జాగ్రత్త మరువరాదు. “మీ బ్రౌజరు పాతబడినది, ఇచ్చట నొక్కుడు” అని బొంకి హానికరమైన ప్రోగ్రాములను దింపించు మోసగాండ్రు ఉన్నారు. నవీకరణమును ఫోనులోని యాప్‌ల అంగడి నుండి గాని, ఆ బ్రౌజరు నిర్మాతల స్వంత సైటు నుండి గాని తెచ్చుకొనవలెనే తప్ప, తెరపై హఠాత్తుగా లేచిన పెట్టె నుండి తెచ్చుకొనరాదు.

ఉపాధ్యాయులు చేయదగిన పని మరియొకటి కలదు. ప్రభుత్వపు సైటుగాని, పాఠశాల సైటుగాని పాత ఫోనులో తెరచుకొననప్పుడు విద్యార్థిని మందలింపక, ఏ ఫోను, ఏ బ్రౌజరు, ఏ పుట, ఏమి కనబడినది అను నాలుగు వివరములు వ్రాసి ఆ సైటు నడుపువారికి పంపవలెను. పాఠశాల స్వయముగా ఒక పుటను పెట్టినచో, అందు ముందుగా యూనికోడ్ అక్షరము, పిమ్మటనే అలంకారము అను నియమమును పాటింపవలెను. తమయొద్దనున్న క్రొత్త కంప్యూటరులో మాత్రమే గాక, ఊరిలోనున్న మిక్కిలి పాత ఫోనులోగూడ దానిని తెరచి చూచి తృప్తిపడవలెను. ఆ పరీక్షకు పట్టునది ఐదు నిమిషములు. అందు నెగ్గిన పుటకు, ఫలానా బ్రౌజరుతో రమ్మని ఎవ్వరికిని చెప్పుకొనవలసిన అవసరము కలుగదు.